పిసినారితనం: తెలుగు మాటల్లో, సామెతల్లో, సాహిత్యంలో

ఔదార్యానికి ఎదురుగా నిలిచే గుణాన్ని వాడుక తెలుగులో పిసినారితనం అంటారు. గ్రాంథికంలో దానికి లోభం, లుబ్ధత్వం, కార్పణ్యం అని పేర్లు. ఉండి కూడా పెట్టకపోవడం దీని ముఖ్య లక్షణం. లేక పెట్టనివాణ్ణి పేదవాడంటారు, ఎవరూ పిసినారి అనరు. బడిలో వ్యతిరేక పదాలు రాయించేటప్పుడు ‘దాత’కు ఎదురుగా ఒక పుస్తకంలో ‘గ్రహీత’, మరో పుస్తకంలో ‘లోభి’ కనిపిస్తాయి. రెండూ సరైనవే. మొదటివాడు దాత ఎదుట చెయ్యి చాపేవాడు. రెండోవాడు దాత కావలసి ఉండి చెయ్యి వెనక్కి లాక్కున్నవాడు. ఈ వ్యాసం రెండోవాడి గురించి, అతనికి తెలుగువాళ్లు పెట్టుకున్న పేర్ల గురించి.

సంస్కృతం నుంచి వచ్చినవి

లోభి, లోభం, లుబ్ధుడు అనే మూడు మాటలకూ ‘లుభ్’ ధాతువే మూలం. ఆశపడటం, కోరుకోవడం దాని అర్థం. మృగం మీద ఆశతో పొంచి ఉంటాడు కనుక వేటగాణ్ణి సంస్కృతంలో లుబ్ధకుడన్నారు. ఆకాశంలో సూర్యుడి తరువాత అన్నిటికంటే కాంతిమంతంగా కనిపించే నక్షత్రం సిరియస్‌కు కూడా మన ఖగోళశాస్త్రంలో లుబ్ధకుడనే పేరు. తెలుగులోకి వచ్చేసరికి ఈ మాట దారి మళ్లింది. తెలుగు లోభి ఉన్నదాన్ని వదలనివాడు. లేనిదానికి అర్రులు చాచేవాడి కోసం దురాశాపరుడు, ఆశపోతు, అత్యాశ, పేరాశ అంటూ వేరే మాటలున్నాయి. మతగ్రంథాల్లో మాత్రం పాత అర్థమే నిలిచింది. అరిషడ్వర్గంలో లోభం మూడోది. భగవద్గీత పదహారో అధ్యాయం దాన్ని కామ క్రోధాలతో కలిపి నరకానికి ద్వారంగా చెబుతుంది. జైనుల నాలుగు కషాయాల్లో, బౌద్ధుల మూడు అకుశల మూలాల్లో కూడా లోభం ఉంది. పురాణం చెప్పే పంతులుగారి నోట లోభం అంటే తీరని కోరిక. అరుగు మీది కబుర్లలో లోభి అంటే పండక్కి పనిమనిషికి పాత చీరైనా ఇవ్వని ఆసామి.

కృపణుడి కథ ఇంకో రకం. ఈ మాటకు మొదటి అర్థం దీనుడు, జాలిపడదగినవాడు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు గార్గితో మాట్లాడుతూ, అక్షరతత్త్వం తెలుసుకోకుండానే ఈ లోకం విడిచిపోయేవాణ్ణి కృపణుడంటాడు. గీత రెండో అధ్యాయంలో ఫలం కోసమే పనిచేసేవాళ్లకు ఈ పేరు పెట్టారు. అదే అధ్యాయంలో అర్జునుడు తనకు పట్టిందని చెప్పుకునే కార్పణ్యం గుండె దిగజారడమే తప్ప డబ్బుకు సంబంధించింది కాదు. దీనుడనే మాట పిసినారికి అంటుకోవడం నాకు సబబుగానే తోస్తుంది. ఇనప్పెట్టె నిండా ఉండి చిరుగు పంచె కట్టేవాణ్ణి చూస్తే కోపం కంటే ముందు జాలే కలుగుతుంది మరి.

కదర్యుడు అనే మాట ఇప్పుడు నిఘంటువులు దాటి బయటికి రావడం లేదు. నిజానికి దీనికున్నంత కచ్చితమైన నిర్వచనం ఈ పదాల్లో మరి దేనికీ లేదు. అధికారుల నడవడిని పరీక్షించే అధ్యాయంలో కౌటిల్యుడు డబ్బు విషయంలో దారి తప్పినవాళ్లను మూడు రకాలుగా విడదీశాడు. తాతతండ్రుల ఆస్తిని అన్యాయంగా తినేసేవాడు మూలహరుడు. వచ్చింది వచ్చినట్టే ఖర్చు చేసేవాడు తాదాత్వికుడు. సేవకుల్నీ తన్నూ కూడా బాధపెట్టుకుంటూ కూడబెట్టేవాడు కదర్యుడు. అంటే అర్థశాస్త్రం దృష్టిలో దుబారా చేసేవాడు, కూడబెట్టేవాడు ఇద్దరూ అనుమానించదగినవాళ్లే. కూడబెట్టడం తప్పని కౌటిల్యుడు అనలేదు. ఎవరి కడుపు మాడ్చి కూడబెట్టాడన్నదే ఆయన ప్రశ్న. భాగవతం పదకొండో స్కంధంలో అవంతి దేశపు బ్రాహ్మణుడొకడు కనిపిస్తాడు. అతనూ కదర్యుడే. బంధువులకు, అతిథులకు, చివరికి తనకే ఏమీ పెట్టుకోకుండా దాచిందంతా పోగొట్టుకుని, ఆ తరువాత జ్ఞానం కలిగి భిక్షువవుతాడు.

అమరకోశం కదర్యుడి పర్యాయపదాల్లో వంటింటి వాసన వేసే మాటలు రెండు చేర్చింది. మితంపచుడు అంటే కొలిచి వండేవాడు. కింపచానుడు అంటే వండీ వండనట్టు వండేవాడు, ‘ఇదీ ఒక వంటేనా’ అనిపించేవాడు. ఎసట్లో పోసే బియ్యం దగ్గరే మనిషి మనసు తెలిసిపోతుందని ఆ కాలంవాళ్లకు తెలుసు. వేళకాని వేళ ఒక మనిషి వచ్చినా సరిపోయేలా రెండు గుప్పెళ్లు ఎక్కువ వేసే ఇంట్లో మితంపచుడు పుట్టడు.

మాత్సర్యం విషయంలోనూ ఒక తేడా ఉంది. తెలుగులో ఆ మాటకు ఓర్వలేనితనమనే అర్థం. పాలి బౌద్ధ గ్రంథాల్లో దాని రూపమైన ‘మచ్ఛరియ’కు పిసినారితనమని అర్థం. బౌద్ధులు దాన్ని ఐదు రకాలుగా చెప్పారు: నివాసం విషయంలో, పోషించే కుటుంబాల విషయంలో, లాభం విషయంలో, పొగడ్త విషయంలో, ధర్మం విషయంలో. నా విహారంలోకి మరో భిక్షువు రాకూడదు, నాకు భిక్ష పెట్టే ఇల్లు మరొకరికి పెట్టకూడదు, నాకు తెలిసిన ధర్మం మరొకరికి తెలియకూడదు. డబ్బు ముట్టని సన్యాసికి కూడా పిసినారి అయ్యే అవకాశం ఉందని గుర్తించిన వర్గీకరణ ఇది. పొగడ్త దగ్గర పిసినారితనం సాహిత్య సభలకు వెళ్లేవాళ్లకు కొత్తేమీ కాదు.

చెయ్యి, కాకి, పిల్లి

తెలుగు సొంత మాటల్లో ముందు నిలిచేవి పిసినారి, పిసినిగొట్టు, పీనాసి. పిసినారి, పీనాసి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే రూపంలో నడుస్తాయి. పక్క భాషల్లోనూ వీటి చుట్టాలున్నాయి. తమిళంలోనూ పిసినారి ఉంది, మలయాళంలో పిశుక్కన్ ఉన్నాడు. కన్నడిగులు జిపుణ అంటారు. హైదరాబాదులోనూ తెలంగాణ జిల్లాల్లోనూ ఉర్దూ, హిందీల మీదుగా వచ్చిన కంజూస్ రోజువారీ మాట. ముదిరిన కంజూస్‌ను మక్ఖీచూస్ అంటారు. అంటే, పడ్డ ఈగను కూడా చీకి పారేసేవాడు. చదువుకున్నవాళ్ల ఉర్దూలో బఖీల్ ఉంది. అది అరబ్బీ మాట. తొమ్మిదో శతాబ్దంలో బస్రాకు చెందిన అల్ జాహిజ్ బఖీళ్ల మీదే ఒక పెద్ద పుస్తకం రాశాడు.

అయితే తెలుగువాడు నిజంగా పిసినారిని తిట్టాలనుకుంటే ఒక్క మాటతో సరిపెట్టడు, బొమ్మ గీసి చూపిస్తాడు. ఆ బొమ్మల్లో అన్నిటికంటే మెచ్చుకోదగినది ఎంగిలిచేత్తో కాకిని తోలనివాడు. అన్నం తింటున్న మనిషి చేతికి నాలుగు మెతుకులు అంటుకుని ఉంటాయి. కాకి వచ్చి విస్తరి పక్కన వాలుతుంది. చెయ్యి విదిలిస్తే కాకి ఎగిరిపోతుంది గానీ చేతి మెతుకులు నేల మీద రాలతాయి. అవి మళ్లీ ఆ కాకికే దక్కుతాయి. అందుకని ఆయన తోలడు. ఈ లెక్క వేసుకునేంతసేపు చెయ్యి గాల్లోనే ఆగిపోయి ఉంటుంది. దీనికి తోడు కాకికి మన ఇళ్లలో ఉన్న స్థానం వేరు. పెద్దల తద్దినం నాడు పిండం కాకి ముట్టాలని ఎదురుచూసే సంప్రదాయంలో, కాకికి మెతుకు దక్కనివ్వనివాడు పితృదేవతలకు కూడా పెట్టనివాడి కింద లెక్క.

పిల్లికి బిచ్చం పెట్టనివాడు అన్నది మరో తిట్టు. పిల్లి గుమ్మం ముందు నిలబడి అడుక్కోదు, దానికి కావలసింది అదే తీసుకుపోతుంది. దానికి కూడా పెట్టనివాడంటే ఇక మనుషుల మాట ఎత్తనక్కర్లేదని అర్థం.

దాతనూ లోభినీ తెలుగు చేతితోనే కొలుస్తుంది. ధారాళంగా ఇచ్చేవాడి చేతికి ఎముక లేదంటారు. ఇవ్వనివాడి పిడికిలి బిగుసుకుంటుంది, గుప్పిట విప్పడు, ఇవ్వడానికి చెయ్యి రాదు. చెయ్యి రాకపోవడమన్న నుడిలో కొంచెం దయ కూడా ఉంది. మనసులో ఇద్దామనే ఉంది, చెయ్యే మాట వినడం లేదన్నట్టు. అత్తగారి పిసినారితనాన్ని పుట్టింట్లో చెప్పుకునే కోడలు ఈ నుడినే ఎంచుకుంటుంది, మర్యాద దక్కుతుంది కనుక.

పెట్టకపోగా ఇంకొకళ్లు పెడుతుంటే అడ్డుపడేవాడికీ సామెతలు కరువు లేవు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. బలిచక్రవర్తి వామనుడికి దానం ధారపోస్తుంటే శుక్రాచార్యుడు కమండలం కొమ్ములో దూరి నీళ్లకు అడ్డుపడ్డాడని, దర్భపుల్లతో పొడిస్తే కన్ను పోగొట్టుకున్నాడని జనం చెప్పుకునే కథ కూడా ఈ కోవలోదే. శుక్రాచార్యుణ్ణి మాత్రం ఎవరూ లోభి అనరు. శిష్యుడి రాజ్యం కాపాడాలనుకున్న గురువతను.

ఎప్పుడూ ఇచ్చేవాళ్లను దెప్పే సామెత ఒకటి కూడా చెప్పుకోవాలి: పెట్టని తల్లి ఎటూ పెట్టదు, రోజూ పెట్టే నీకేమొచ్చింది? రోజూ బిచ్చం వేసే ఇల్లాలు ఒక్కనాడు లేదంటే బిచ్చగాడు ఆమెను అడిగే మాట ఇది. పక్కింటి పిసినారిని పల్లెత్తు మాట అనడు. పిసినారికి లోకం ఇచ్చే రాయితీ అది, అతని దగ్గర ఎవరికీ ఆశ లేదు.

కొసరు

బజార్లో ఔదార్యానికి కొలత కొసరు. తూకం పూర్తయ్యాక పైన వేసే రెండు వంకాయలు, కరివేపాకు రెబ్బ, పాలు పోశాక గిన్నెలో ఒంపే మరో చుక్క, వీటిని కొసరు అంటారు. కొసరు వేయని కొట్టు మీద పిసినారి ముద్ర పడుతుంది. అది తూకంలో మోసం చేయని కొట్టే అయినా సరే. ఎక్కువ అడిగి తీసుకోవడాన్నీ కొసరడమే అంటారు. అదే క్రియ భోజనాల పంక్తిలోకి వచ్చేసరికి తలకిందులవుతుంది. ‘కొసరి కొసరి వడ్డించారు’ అంటే ఆ ఇంటివాళ్లకు అంతకు మించిన పొగడ్త లేదు. అంగట్లో కొసరితే పుచ్చుకునేవాడి ఆశ, పంక్తిలో కొసరితే పెట్టేవాడి ప్రేమ.

విస్తరి ముందు దొరికినంతగా పిసినారి మరెక్కడా దొరకడు. చారెడు పప్పు వేయవలసిన చోట గరిటె అంచు తాకించడం, నెయ్యి వేశారా చూపించారా అని అతిథి సందేహపడటం, రెండో గారె కోసం వంటింటి వైపు చూపులు వెళ్లడం, ఇవి పెళ్లిళ్లలో తరతరాలు చెప్పుకునే ఫిర్యాదులు. గోదావరి లంకల్లో ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ (1841–1909) పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరు పెట్టారు. ఆమెకు సాటి రాగల పిసినారి పేరు చరిత్రలో ఒక్కటీ మిగల్లేదు. పిసినారులు కథల్లోనే బతికారు.

చెల్లని నాణేలు

పిసినారిని వర్ణించడానికి వాడే నాణేల్లో ఇప్పుడు చాలావరకు చెల్లవు. దమ్మిడీ విదల్చడు, ఏగాని రాల్చడు, కాసుకు కాసు ముడివేస్తాడు, చిల్లిగవ్వ ఇవ్వడు. 1957 ఏప్రిల్ 1న దేశం దశాంశ నాణేలకు మారడంతో అణాలు, దమ్మిడీలు లెక్కల నుంచి తప్పుకున్నాయి. 2011 జూన్ 30 నుంచి పావలా, దానికంటే చిన్న నాణేలు కూడా చెల్లకుండా పోయాయి. అయినా ‘పైసా రాల్చడు’ అనే మాట నిక్షేపంగా చెల్లుబాటవుతోంది. గవ్వల చెలామణీ ఎరిగినవాడు ఒక్కడూ బతికిలేని కాలంలో చిల్లిగవ్వ మాత్రం బతికే ఉంది. తిట్టుకు కావలసింది విలువలేని వస్తువే గనుక, నాణెం చచ్చాక దానికి మరింత బలం వచ్చినట్టుంది.

కక్కుర్తి, పొదుపు

కక్కుర్తిని పిసినారితనంతో కలిపేయడం పొరపాటు. పిసినారి ఇవ్వడు, అంతే. కక్కుర్తిపడేవాడు అల్పమైనదాని కోసం తన స్థాయి మరిచి చెయ్యి చాపుతాడు. ఊళ్లో పెద్దమనిషి పంక్తిలో అరటిపండు జేబులో వేసుకుంటే అది కక్కుర్తి. వార్తాపత్రికల్లో కాసులకు కక్కుర్తిపడ్డ అధికారి తరచుగా కనిపిస్తాడు. అతను ఇంట్లో చేతికి ఎముక లేనివాడే కావచ్చు. అల్పుడు, క్షుద్రుడు, సంకుచితుడు అనేవి ఇంకా దూరపు చుట్టాలు. వాటిలో డబ్బు ప్రసక్తి లేదు, మనసు ఇరుకుదనమే ఉంది.

పొదుపు అటువైపు సరిహద్దు. పొదుపరి ఖర్చు తగ్గించుకుంటాడు, కానీ ఇంటికి వచ్చినవాడికి మంచినీళ్లతో పాటు మజ్జిగా ఇస్తాడు. పొదుపు ఎప్పుడు పిసినారితనమవుతుందని అడిగితే పుస్తకాలు మితవ్యయమనీ అతివ్యయమనీ కొలతలు చెబుతాయి గానీ, తెలుగు నానుడి చూసేది ఎదుటి మనిషినే. తన కోసం తగ్గించుకుంటే పొదుపు, ఎదుటివాడికి తగ్గిస్తే పిసినారితనం. 1990 దశకంలో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తరువాత మహిళలు పొదుపు సంఘాలు పెట్టుకున్నప్పుడు ఆ మాటకు ఎన్నడూ లేని గౌరవం దక్కింది. రెండు రాష్ట్రాల పల్లెల్లో ఇప్పుడు ‘పొదుపు’ అంటే డబ్బు దాచడం ఒక్కటే కాదు, సంఘం, సమావేశం, బ్యాంకు అప్పు కూడా.

సాహిత్యంలో పిసినారి

భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసినవారిలో ఏనుగు లక్ష్మణకవి ప్రసిద్ధుడు. ధనానికి దానం, భోగం, నాశం అనే మూడే దారులున్నాయని, మొదటి రెండూ పట్టనివాడి సొమ్ముకు మూడోదే గతి అనీ చెప్పే శ్లోకం ఆయన చేతిమీదుగా తెలుగు ఇళ్లలోకి వచ్చింది. హితోపదేశంలోని నక్క ఈ సూత్రానికి ఉదాహరణ. వేటగాడు, లేడి, పంది, పాము ఒకేచోట చచ్చిపడి ఉంటే, ఇంత మాంసం నెలల తరబడి దాచుకోవచ్చని లెక్కలు వేసి, ఆ పూటకు వింటినారి కొరికి సరిపెట్టుకుందామనుకుంటుంది. నారి తెగి, విల్లు ఎగిరి గుండెల్లో దిగి చస్తుంది.

పిసినారి మీద ఎక్కువ పద్యాలు చెప్పిన తెలుగు కవుల్లో వేమన ముందుంటాడు. ఆయన దగ్గర ఉపదేశం తక్కువ, వెటకారం ఎక్కువ. లోభిని చంపడానికి విషం అక్కర్లేదు, డబ్బడిగితే చాలన్నది ఆయన పద్యాల్లో జనం నోట బాగా నిలిచిన ఊహ. తినక, పెట్టక కూడబెట్టినదాన్ని తేనెటీగల తేనెతో పోల్చిన పద్యం బడిపిల్లలకు కూడా వచ్చు. ఈ పద్యాలను సేకరించి 1829లో అచ్చువేసిన సి.పి. బ్రౌన్ ఆ తరువాత కూర్చిన నిఘంటువు కూడా ఇటువంటి వాడుక మాటలకు ఇప్పటికీ మంచి ఆధారం.

ఆధునిక సాహిత్యంలో పిసినారికి శాశ్వతమైన పేరు పెట్టినవాడు గురజాడ. 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ (ముద్రణ 1897, తిరగరాసిన రూపం 1909) లోని ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్లు. అవధాని అనే పండితుడి పేరుకు ముందు లుబ్ధ చేర్చడంలోనే సగం హాస్యం ఉంది. డబ్బిచ్చి చిన్నపిల్లను కొనుక్కోవడానికి సిద్ధపడ్డ ఈ మనిషి, ఖర్చు తగ్గుతుందన్న ఆశతో మరో సంబంధానికి మారి, ఆడవేషం వేసిన కుర్రాణ్ణి పెళ్లాడతాడు. కథలో అతన్ని దెబ్బతీసింది అతని పిసినారితనమే. ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 1668లో సృష్టించిన పిసినారి అర్పగాన్ పేరు ఆ భాషలో పిసినారులందరికీ పేరైపోయింది. గురజాడ దారి దీనికి ఎదురు, భాషలో ఉన్న మాటనే మనిషికి పేరుగా పెట్టాడు.

సినిమాలో ఈ స్థానం ‘అహ నా పెళ్లంట’ (1987) లోని లక్ష్మీపతిది. జంధ్యాల దర్శకత్వంలో కోట శ్రీనివాసరావు వేసిన పాత్ర అది. దూలానికి కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే దృశ్యాన్ని తెలుగు ప్రేక్షకులు నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. కూరను కళ్లతో తింటాడు. అమరకోశంలోని కింపచానుడికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

కులం పేరుతో చెప్పే సామెతలు

1868లో ఎం.డబ్ల్యు. కార్ అచ్చువేసిన ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ మొదలుకొని తెలుగు సామెతల సంకలనాల్లో కులాల మీద మోపిన గుణాలు విరివిగా కనిపిస్తాయి. పిసినారితనాన్ని వ్యాపార కులాల మీద రుద్దినవి వాటిలో ఉన్నాయి. అప్పిచ్చినవాడి మీద అప్పు తీసుకున్నవాడు కట్టిన మాటలివి, సాక్ష్యంగా పనికిరావు. ఆ కులాలవాళ్లే కట్టించిన సత్రాలు, చలివేంద్రాలు యాత్రాస్థలాలన్నిట్లో ఉన్నాయి. సంకలనకర్తలు వీటిని చరిత్రగా దాచడం సరే. రచనల్లో, ప్రసంగాల్లో మళ్లీ వాడుకోవడం మర్యాద కాదు.

ప్రభుత్వాలూ పత్రికలూ

వ్యక్తులకు పెట్టిన ఈ పేర్లను తెలుగు పత్రికలు సాధారణంగా ప్రభుత్వాలకు వాడవు. కేంద్ర బడ్జెట్ వచ్చిన మర్నాడు ‘పిసినారి కేంద్రం’ అనే శీర్షిక కంటే ‘రాష్ట్రానికి మొండిచేయి’ అనేదే ఎక్కువగా కనిపిస్తుంది. నిధులు కొంచెం ఇస్తే ‘అరకొర’, ఇచ్చీ ఇవ్వనట్టు ఇస్తే ‘విదిలింపు’. సొంత సొమ్ము ఇవ్వనివాడే పిసినారి. ప్రభుత్వం దగ్గర ఉన్నది జనం కట్టిన పన్నుల డబ్బు, దాన్ని ఇవ్వకపోవడం హక్కును ఎగ్గొట్టడం. కాబట్టి ఈ విషయంలో శీర్షికలు రాసే ఉపసంపాదకులు వాడుతున్న మాటే సరైనది.